మడిగెలు అందరివీ, కాగితం ఒకరి పేరునా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా గల్లీ మలుపులో నాలుగు మడిగెలున్న బిల్డింగు అమ్మకానికొచ్చింది. అరవై ఇళ్లవాళ్లం తలా కొంత వేసుకుని కొందామనుకుంటున్నాం. రిజిస్ట్రేషన్ ఒక పెద్దమనిషి పేరున చేయిస్తే చాలంటున్నారు. నాకేమో టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక గృహిణి

జవాబు: మీ టెన్షన్ సరైనదేనమ్మా. నల్గొండలో ముప్పై ఏళ్లు దస్తావేజులు రాశాను. పన్నెండు మంది చందాలేసి కొన్న ప్లాటు ఒకటి, కాగితంలో పేరున్నాయన పోయాక ఆయన కొడుకుల పాలైంది. మిగతావాళ్ల చేతిలో మిగిలింది నల్ల అట్ట నోటుబుక్కు, అందులో టిక్కులు.

1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద సంఘం పెట్టుకుని, ఆస్తి సంఘం పేరునే చేయించండి. వాటా ఎంతున్నా మనిషికి ఓటు ఒక్కటే. చిన్న మొత్తాలని నవ్వేవాళ్లకు చెప్పండి, అమెరికాలో పోర్ట్‌లాండ్ ఇరుగుపొరుగు ‘ప్లాజా 122’ అనే షాపుల సముదాయంలో నెలకు 10 నుంచి 100 డాలర్లే పెట్టారు.

మధ్యలో పోతానన్నవాళ్ల వాటా ఎవరు, ఏ లెక్కన కొంటారో బైలాల్లో, అంటే సంఘం నియమాల్లో, రాయండి. గొడవలన్నీ అక్కడే. బయానాకు ముందు ముప్పై ఏళ్ల ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపే సర్టిఫికెట్, తీయండి. కిరాయిదార్లనూ విడిగా అడగండి. ఓనరు చెప్పే కిరాయి వేరు, వాళ్లు కట్టేది వేరు.