పన్నెండు నెలల కొలువుకు ముప్పై ఆరు నెలల అప్పా?

ప్రశ్న: నా వయసు 33. బెంగళూరు మారతహళ్లిలో అద్దెకుంటున్నాం. ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో 4 సంవత్సరాల 2 నెలలుగా పర్మినెంట్ ఉద్యోగిని. బేసిక్ 50 వేలు, కోతలు పోను చేతికి 88 వేలు వస్తాయి. మరో సంస్థ 12 నెలల కాంట్రాక్టుకు నెలకు 1.30 లక్షలు చేతికి ఇస్తామంటోంది. తర్వాత పొడిగించే అవకాశం ఉందట. భార్య, ఐదేళ్ల పాప, ఒంగోలులో అమ్మానాన్నలు నా మీదే ఆధారపడ్డారు. నాన్నకు షుగర్ ఉంది. నెల ఖర్చు 65 వేలు. హోస్కోటె వైపు ఒక స్థలానికి 50 వేలు టోకెన్ ఇచ్చాను. కాంట్రాక్టులోకి వెళ్లాక లోను దొరకదని మిత్రులు చెప్పడంతో, పర్మినెంట్ ఉద్యోగంలో ఉండగానే ఆ స్థలం కోసం 8 లక్షల పర్సనల్ లోన్ తీసుకుని, ఆ తర్వాత రాజీనామా చేయాలని అనుకుంటున్నాను. అత్యవసర నిధికి లోటు లేదు: బ్యాంకులో 1.10 లక్షలు, ఇంటి ఓనరు దగ్గర 2 లక్షల అడ్వాన్సు, క్రెడిట్ కార్డు మీద 3 లక్షల లిమిట్ ఉన్నాయి. కాంట్రాక్టు ఒప్పుకోమంటారా?

జవాబు: మీరు అడిగింది ఉద్యోగం గురించి. నన్ను కంగారు పెట్టింది మాత్రం ఆ లోను, దాని పక్కనే మీరు అత్యవసర నిధి అని పిలుస్తున్న మూడు వస్తువులు. ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తున్నాయి కనుక మీకు రాస్తున్నది అందరికీ రాస్తున్నాను.

ఓనరు దగ్గరున్న అడ్వాన్సు ఇల్లు ఖాళీ చేస్తేనే చేతికి వస్తుంది. అప్పుడు కూడా పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె పట్టుకోవడం ఈ ఊళ్లో మామూలే. ఉద్యోగం పోయిన వారం పాపను, సామాన్లను లారీ ఎక్కిస్తే తప్ప దొరకని డబ్బు అది. ఇక కార్డు లిమిట్ బ్యాంకు సొమ్ము, మీది కాదు. అంటే మీ దగ్గర నిజంగా ఉన్నది 1.10 లక్షలు. నెలకు 65 వేల చొప్పున యాభై రోజులు గడుస్తాయి. దానికి ఇప్పుడు ఈఎంఐ కలపండి. 8 లక్షలు, మూడేళ్లు, 14 శాతం వడ్డీ అనుకుంటే నెలకు 27,300 పైచిలుకు. యాభై రోజులు కాస్తా ముప్పై ఆరు రోజులవుతాయి.

జీతం పెంపు కూడా మీరు అనుకుంటున్నంత కాదు. నెలకు 42 వేలు ఎక్కువ, నిజమే. కానీ కాంట్రాక్టు ముగిశాక మూడు నెలలు ఖాళీగా ఉన్నారనుకోండి. ఈ మార్కెట్‌లో అది అతి జాగ్రత్త కాదు. అంటే 15 నెలల్లో మీకు వచ్చేది 15.60 లక్షలు. ఉన్నచోటే ఉంటే అదే 15 నెలల్లో 13.20 లక్షలు. తేడా 2.40 లక్షలు. ఇంకో 10 నెలలు ఆగితే మీకు ఐదేళ్లు నిండి గ్రాట్యుటీ, అంటే చేసిన సర్వీసుకు సంస్థ ఒకేసారి ఇచ్చే సొమ్ము, వస్తుంది. ఏడాదికి పదిహేను రోజుల బేసిక్ చొప్పున (నెలకు 26 పనిదినాల లెక్క) అది సుమారు 1.44 లక్షలు. ఇప్పుడు వెళితే అది వదులుకోవాలి. మిగిలింది 96 వేలు. కంపెనీ ఇస్తున్న ఆరోగ్య బీమా స్థానంలో సొంత పాలసీలకు ఏడాదికి 60 వేలు అనుకుంటే, చివరికి 36 వేలు. ఈ మాత్రానికి దాదాపు రెండు లక్షల వడ్డీ నెత్తికెత్తుకుంటారా?

మీ మిత్రుల సలహా గురించి ఒక మాట చెప్పాలి. కాంట్రాక్టు ఉద్యోగికి లోను ఇవ్వడానికి బ్యాంకు ఎందుకు వెనకాడుతుంది? పదమూడో నెలలో జీతం పడుతుందో లేదో దానికి తెలియదు కాబట్టి. అది మీకు మాత్రం తెలుసా? తెలియని సంగతిని బ్యాంకు దగ్గర దాచి అప్పు తెచ్చుకోవడం తెలివి అనిపించుకోదు.

అలాగని కాంట్రాక్టు వద్దనను. అప్పు లేకుండా, ఆ 42 వేలనూ నెలనెలా పక్కన పెట్టగలిగితే ఏడాదికి 5 లక్షల పైన పోగవుతుంది. పర్మినెంట్ ఉద్యోగికి ఆరు నెలల ఖర్చు చాలు. కాంట్రాక్టులో తొమ్మిది నెలలది ఉండాలి, అంటే మీకు 5.85 లక్షలు. బ్యాంకులో ఉన్న 1.10 లక్షలు కలిపితే సరిపోతుంది. మీ పెంపు మొత్తం ఈ నిధికే. స్థలానికీ కాదు, కారుకూ కాదు. కనీసం మూడు నెలల ఖర్చు, 1.95 లక్షలు, లేకుండా సంతకం పెట్టకండి. ఇప్పుడు నెలకు 23 వేలు మిగులుతున్నాయి కదా, నాలుగు నెలల్లో ఆ మొత్తానికి చేరతారు. కొత్త సంస్థ అంతవరకు ఆగకపోతే ఈ ఆఫర్ మీకోసం కాదు. నిధిని సేవింగ్స్ ఖాతాలోనో, ఎప్పుడైనా తీసుకోగల ఎఫ్‌డీలోనో ఉంచండి. దాని మీద రాబడి గురించి నన్ను అడగకండి.

ఆఫర్ లెటరులో మీ యజమానిగా ఎవరి పేరుందో చూడండి. సంస్థే నేరుగా నిర్ణీత కాలానికి తీసుకుంటే పీఎఫ్ ఉంటుంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం ఏడాది పూర్తయితే గ్రాట్యుటీకీ అర్హులే. పదకొండో నెలలో పంపించేస్తే అదీ రాకపోవచ్చు. కాబట్టి వాళ్ల వైపు నుంచి నోటీసు ఎన్ని రోజులో చదవండి; 15 రోజులని ఉంటే 60 అడగండి. కన్సల్టెంట్ అని రాసి ఉంటే పీఎఫ్, గ్రాట్యుటీ, వేతన సెలవులు ఏవీ ఉండవు. ఆ 1.30 లక్షలు పన్నుకు ముందా, తర్వాతా అన్నది కూడా కాగితం మీద రాయించుకోండి.

రాజీనామాకు ముందే సొంత ఆరోగ్య పాలసీ చేతిలో ఉండాలి. గ్రూపు బీమా సాధారణంగా మీ ఆఖరి పనిదినంతో ఆగిపోతుంది. కొత్త పాలసీలో నాన్నగారి షుగరుకు మూడేళ్ల వరకు నిరీక్షణ కాలం పెట్టవచ్చు, అంటే అంతవరకు ఆ జబ్బు ఖర్చు బీమా ఇవ్వదు. ఇప్పటి బీమా సంస్థలోనే వ్యక్తిగత పాలసీకి మారే వీలుందేమో హెచ్ఆర్‌ను అడగండి, ఆ నిరీక్షణ తగ్గుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ లేదు, కాబట్టి ఖరీదన్న సాకు కూడా కొంత తగ్గింది. టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) లేకపోతే అదీ తీసుకోండి. పాత పీఎఫ్ డబ్బు తీయకుండా కొత్త ఖాతాకు మార్చుకోండి.

ఇక స్థలం. అమ్మే వ్యక్తికి ఫోన్ చేసి ఏడాది గడువు అడగండి. ఒప్పుకోకపోతే 50 వేల టోకెన్ వదిలేయండి. మనసు గిలగిలలాడుతుంది, తెలుసు. కానీ ఆ లోను మీద మూడేళ్లలో మీరు కట్టబోయే వడ్డీ 1.84 లక్షలు.