మా అమ్మ చెప్పు కొట్టుకుపోయిన దారి

ప్రశ్న: వాన పడినప్పుడు వీధుల్లోంచి చెరువులోకి మురికి పోకుండా, ఇళ్లలో ఉండేవాళ్లం మనమేం చెయ్యగలం?

నేను ఇంజినీర్‌ని కాను, ఉద్యోగం బ్యాంకులో. కాకపోతే ఒకసారి వానలో ఒక చెప్పు వెంట మా వీధి నుంచి చెరువు దాకా పరుగెత్తాను. ఆ అర్హతతో చెప్తున్నా.

మాది హైదరాబాద్‌లో తూర్పు వైపు పాత కాలనీ. వీధి పల్లంగా వెళ్లి, రెండు మలుపులు తిరిగి, చెరువు దగ్గర ఆగుతుంది. ఆ రోజు మృగశిర. పొద్దున్నే లైన్లో నిలబడి చేపలు తెచ్చాను, మధ్యాహ్నం పులుసు అయింది. సాయంత్రం నాలుగింటికి ఆ ఏడాది మొదటి పెద్ద వాన. గేటు మెట్టు మీద విప్పిన అమ్మ కొత్త చెప్పుల్లో ఒకటి నీళ్లలోకి జారి బయల్దేరింది. "ఒరేయ్, చెప్పురా!" అని అమ్మ అరుపు. గొడుగు పట్టుకుని వెంటపడ్డాను.

మొదట ఎదురిల్లు. వానలో కారు కడిగితే బోరు నీళ్లు మిగులుతాయని ఆయన లెక్క. షాంపూ నురగంతా చెప్పుని చుట్టుకుని ముందుకు పోయింది. మలుపులో బైక్ మెకానిక్ షెడ్డు. దాని ముందు మట్టి ఏళ్ల తరబడి నల్లగానే ఉంటుంది. ఆ నలుపు మీంచి వచ్చిన నీళ్లలో నెమలి పింఛం రంగులన్నీ ఉన్నాయి. చూడ్డానికి అందంగానే ఉంది, అదే బాధ. తర్వాత కడుతున్న ఇల్లు. రోడ్డు మీద పోసిన ఇసుక, సిమెంటు కలిసి బూడిదరంగు చారులా పారుతున్నాయి. టిఫిన్ సెంటర్ నూనె, వీధికుక్కల సంగతి ఇక చెప్పను.

రెండో మలుపులో డ్రైనేజీ మ్యాన్‌హోల్ మూత కుక్కర్ మూతలా ఎగిరెగిరి పడుతోంది. లోపలి సరుకంతా రోడ్డు మీదే ఉంది. అమ్మ చెప్పు సరిగ్గా అక్కడే ఆగి గిరగిరా తిరిగింది. చెయ్యి చాపితే అందేది. చాపలేదు. అమ్మకి మాత్రం అందలేదనే చెప్పాను.

అక్కడి నుంచి అది వాన కాలువలో పడింది. చెరువు గట్టు దగ్గర గేదెలు కాసే ఒక పెద్దాయన పాలిథిన్ సంచి నెత్తిన వేసుకుని నిలబడి ఉన్నాడు. "ఈ నీళ్లని ముందు ప్లాంటులో శుభ్రం చేస్తారు కదా?" అని అడిగాను. నిజంగా అలాగే అనుకునేవాణ్ని. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, "ఏం ప్లాంటు సార్, గీ నీళ్లు సక్కగ చెర్లకే పోతయ్" అన్నాడు.

ఈ ఒక్క సంగతి తెలిస్తే మీ ప్రశ్నకి సగం జవాబు దొరికినట్టే. బాత్‌రూమ్ నీళ్లు వెళ్లే డ్రైనేజీ వేరు, వాన కాలువ వేరు. మొదటిది అదృష్టం బాగుంటే శుద్ధి కేంద్రానికి చేరుతుంది. రెండోదానికి శుద్ధీ లేదు, గిద్ధీ లేదు. వీధిలో ఏం పడితే అది చెరువుకే. మర్నాడు పొద్దున వాకింగ్‌కి వెళ్తే ఒడ్డు పొడుగునా చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. ఎండాకాలమంతా పేరుకున్న చెత్త మొదటి వానకి ఒక్కసారిగా నీళ్లలో కుళ్లితే, అందులోని ఆక్సిజన్ అయిపోతుంది. చేపకి ఊపిరాడదు. ఇందులో మా వీధి వాటా కూడా ఉంటుందని నా నమ్మకం.

ఇప్పుడు అసలు సిగ్గుపడే విషయం. వారం తర్వాత ఇంటికి ప్లంబర్ వస్తే మాటల్లో మ్యాన్‌హోల్ సంగతి ఎత్తాను. అతను మా ఇంటి పక్క సందులోకి తీసుకెళ్లి చూపించాడు. మా స్లాబు మీది వాన పైపు నేరుగా డ్రైనేజీ ఛాంబర్లోకి దిగి ఉంది. ఇల్లు కట్టినప్పుడు దగ్గరి దారని మేస్త్రీ అలా కలిపేశాడట. మా వీధిలో దాదాపు ప్రతి ఇల్లూ ఇంతే. పది బకెట్ల నీళ్ల కోసం వేసిన పైపులోకి వీధి మొత్తం స్లాబుల వాన వదిలితే మూత ఎగరక ఏం చేస్తుంది?

బ్యాంకు బుద్ధి కదా, లెక్క వేశాను. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. మా స్లాబు 150 గజాలు, అంటే సుమారు 125 చదరపు మీటర్లు. 20 మిల్లీమీటర్ల మామూలు వానకే 2,500 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్‌లో సగం! ఏప్రిల్లో ట్యాంకర్ కోసం ఫోన్ల మీద ఫోన్లు చేసేదీ మేమే, జూన్‌లో వానకి సగం ట్యాంకర్ మురుగులో కలిపేదీ మేమే.

అందుకే నా జవాబు ఒక్కటే. ఇంటి మీద పడ్డ వానని గేటు దాటనివ్వకండి. సబ్బులు, షాంపూలు తర్వాత. ముందు నీళ్లు ఆపితే మురికిని మోసుకెళ్లే వాహనమే చిన్నదైపోతుంది.

మేం పైపు విడదీసి, వాకిట్లో నాలుగడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల లోతుతో ఇంకుడు గుంత తవ్వించాం. నాలుగో అడుగులో మొరం తగిలింది, నీళ్లు బాగా లాగుతోంది. అడుగున పెద్ద కంకర, దాని మీద చిన్న కంకర, పైన ముతక ఇసుక. గుంతకి ముందు ఒక చిన్న తొట్టి కట్టించడం మర్చిపోకండి. ఆకులూ మట్టీ అందులో ఆగకపోతే రెండేళ్లకే గుంత పూడిపోతుంది. మొదటి రెండు వానలు స్లాబు కడిగిన నీళ్లే కాబట్టి వాటిని గుంతలోకి కాకుండా మొక్కలకి మళ్లిస్తాం. సబ్బు నీళ్లు, బట్టల నీళ్లు మాత్రం పొరపాటున కూడా అందులోకి వదలకండి. పక్కనే మీ బోరు ఉంటుంది, మళ్లీ మీరే తాగాలి. నీరు, భూమి, చెట్లని కాపాడ్డానికి వాల్టా చట్టం వచ్చింది 2002లో. అప్పటి నుంచీ ఇంకుడు గుంతల గురించి చెప్తూనే ఉన్నారు, మనం ప్లాన్ కాగితం మీద ఒక గుండ్రం గీసి ఊరుకుంటున్నాం.

ఈ పార్కింగ్ టైల్స్ పిచ్చి ఒకటి. గోడ నుంచి గోడ దాకా, గేటు బయట రోడ్డు దాకా పరిచేస్తారు. ఆకు రాలితే గీజర్ పేలినంత కంగారు, వెంటనే పైపు పట్టుకుని అరగంట కడుగుడు. చీపురు ఏమైందండీ? అమ్మ చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో మట్టి వాకిలి, కల్లాపి, చూరు నీళ్లకి గోళెం. వానకి వాకిట్లో నీళ్లు నిలిచిన గుర్తే లేదంటుంది. మేం వాకిట్లో సగం టైల్స్ పీకించి మట్టి వదిలాం. మేస్త్రీ మమ్మల్ని వెర్రివాళ్లని చూసినట్టు చూశాడు. 2020 అక్టోబరు 13 రాత్రి నగరం మునిగినప్పుడు టీవీల్లో అందరూ ఆక్రమణలనే తిట్టారు. తిట్టాల్సిందే. కానీ టైల్స్‌ని ఒక్కరూ తిట్టలేదు.

ఇంకో మాట. ఏటా వినాయక చవితికి పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) విగ్రహాల మీద చర్చలు పెడతారు. మంచిదే, మట్టి విగ్రహమే పెట్టండి, మేమూ అదే పెడతాం. మిగతా రోజుల్లో మోరీలోకి పోతున్న సర్ఫు నీళ్ల మీద మాత్రం మాట రాదు. చెరువు నిండా గుర్రపు డెక్క పెరిగేది ఆ సబ్బులూ, మురుగూ, కుండీల్లో గుప్పెళ్లతో వేసే యూరియా తిని.

మిగతావి చిన్నవే. బండి ఆయిల్ కారితే కడక్కుండా రంపపు పొట్టు చల్లి ఊడ్చెయ్యండి. పెయింట్ బ్రష్షులు మోరీ దగ్గర కడగనివ్వకండి. ఇసుక రోడ్డు మీద పొయ్యాల్సి వస్తే చుట్టూ నాలుగు ఇటుకలైనా పేర్చండి.

మొన్న ఎదురింటాయన గేటు దగ్గర నిలబడి మా గుంత వైపు చాలాసేపు చూశాడు. ఇన్నాళ్లకి కదిలాడు అనుకున్నా. "మీ మేస్త్రీ నంబరు ఉందా అండీ?" అని అడిగాడు. సంతోషంగా ఇచ్చాను. మీ దగ్గర పీకిన టైల్స్ ఏమైనా మిగిలి ఉంటే తను తీసుకుంటానన్నాడు, గేటు బయట ఇంకో మూడడుగులు పరిపించాలట.