గుడారంలో హీటర్: ఏది మేలు?

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో నలుగురం మిత్రులం దేవరకొండ వైపు సాగర్ బ్యాక్‌వాటర్ ఒడ్డున గుడారం వేసుకొని రెండు రాత్రులు గడపదలచాము. చలికి గ్యాస్ హీటర్ కొనాలా, బ్యాటరీతో నడిచేది చాలునా?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: బ్యాటరీ మాట ముందు తేల్చుకుందాము. 1000 వాట్-అవర్ల బ్యాటరీ బాక్సు మీద 500 వాట్ల హీటరు రెండు గంటలు కూడా నిండా నడవదు కనుక రాత్రంతా వెచ్చదనం దానివల్ల కాని పని.

గ్యాస్ హీటరు వేడి బాగానే ఇస్తుంది. చిన్న డబ్బాల్లో ఉండే బ్యూటేన్ అనే గ్యాసు సుమారు 0 డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది గాని, మన ప్రాంతపు చలికి ఆ ఇబ్బంది రాదు. హిమాలయాలకు వెళ్లేవారైతే అంతకన్నా చలిలోనూ ఆవిరయ్యే ప్రొపేన్ గ్యాసు కలిసినది తీసుకోవాలి. అసలు భయం గ్యాసు సరిగా మండనప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌తోనే. రంగూ వాసనా లేని ఈ వాయువు, తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుంటే ఎలా ప్రాణం మీదికి వస్తుందో, జిప్పు బిగించిన గుడారంలోనూ అలాగే నిద్రలోనే మనిషిని పడగొట్టగలదు. ఆక్సిజన్ తగ్గినా, పక్కకు ఒరిగినా తనంతట ఆరిపోయే ఏర్పాటున్న హీటరునే కొనండి. అయినా దానిని గుడారం బయట, కూర్చొని కబుర్లు చెప్పుకొనేటప్పుడు మాత్రమే వాడి, పడుకొనే ముందు ఆర్పివేయండి.

నన్నడిగితే ఆ డబ్బుతో నాలుగు మంచి గొంగళ్లు, కిందికి మందపాటి ఫోమ్ చాపలు కొంటాను. ఎందుకంటే రాత్రిపూట ఒంటి వేడిని ఎక్కువగా లాగేసేది నేలే.