రాయి కోసే పని.. నాలుగు నెలలుగా పొడి దగ్గు

ప్రశ్న: మావారికి 38 ఏళ్లు. 12 ఏళ్లుగా గ్రానైట్, క్వార్ట్జ్ పలకలు కోసే పని. నాలుగు నెలల నుంచి పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం. కాస్త చిక్కారు కూడా. మెడికల్ షాపు మాత్రలు వేసుకుంటే తగ్గుతోంది, ఆపితే మళ్లీ మొదలు. రోజూ బెల్లం తింటే దుమ్ము పోతుందంటున్నారు, నిజమేనా?
– ఒక గృహిణి, విజయవాడ

జవాబు: బెల్లం కడుపులోకి వెళ్తుందమ్మా, ఊపిరితిత్తుల్లోకి కాదు. నాకు టెన్షన్ ఆ మాత్రల గురించే. వేసుకుంటే తగ్గి, ఆపితే తిరగబెట్టే దగ్గు మాత్రల్లో స్టెరాయిడ్ ఉండొచ్చు. చూడకుండా తేల్చి చెప్పలేను. నా దగ్గరికి ఇలాంటివాళ్లు తెచ్చేది కత్తిరించిన స్ట్రిప్పు ముక్క. మందు పేరున్న వైపు షాపులోనే ఉండిపోతుంది!

రాతి దుమ్ము పీల్చేవాళ్లకు టీబీ ముప్పు మామూలువాళ్ల కంటే ఎక్కువ. లోపల టీబీ ఉంటే స్టెరాయిడ్ దగ్గును కప్పిపెట్టి, జబ్బును పెరగనిస్తుంది. ఆయన చిక్కారన్నారు కాబట్టి ముందు అది చూడాలి.

ఇక దుమ్ము సంగతి. కంటికి కనిపించేది చాలావరకు ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. రాతిలో ఉండే సిలికా అనే ఖనిజం కంటికి కనిపించనంత సన్నటి రేణువై గాలిగదుల దాకా దిగుతుంది. అక్కడి రక్షణ కణాలు దాన్ని క్రిమి అనుకుని మింగుతాయి. రాయి అరగదు కదా, మింగిన కణమే చస్తుంది. దాని రసాయనాలు చిమ్మి చుట్టూ వాపు వస్తుంది. బయటపడ్డ రేణువును మరో కణం మింగుతుంది. ఏళ్ల తరబడి ఇలా సాగితే అక్కడ గట్టి మచ్చలు కట్టి ఊపిరితిత్తి సాగే గుణం పోతుంది. అదే సిలికోసిస్. ఆ మచ్చల్ని పోగొట్టే మందు లేదు. క్వార్ట్జ్ పలకల్లో సిలికా 90 శాతం కూడా దాటొచ్చు, గ్రానైట్ కంటే చాలా ఎక్కువ.

మీవారికి అదే ఉందని నేననడం లేదు. కానీ నాలుగు నెలలు ఆగడం తప్పమ్మా. ఈ వారమే ఛాతీ డాక్టర్‌కి చూపించండి. ఎక్స్‌రే, కఫం పరీక్ష, ఊపిరి ఊదే పరీక్ష అవసరపడతాయి, సీటీ కూడా రాయొచ్చు. ప్రభుత్వాసుపత్రిలో టీబీకి కఫం పరీక్ష ఉచితం. రాయి కోస్తారని ముందే చెప్పండి. ఎక్స్‌రేలో ఈ మచ్చలు, టీబీ ఒకదానిలా ఒకటి కనిపించొచ్చు.

అప్పటిదాకా పని మాన్పించండి. తర్వాతైనా నీళ్లు పోస్తూ కోయాలి, సరిగ్గా బిగిసే ఎన్‌95 మాస్కు పెట్టుకోవాలి. రుమాలు ఆపదు. ఇంటికొచ్చాక ఆయన చొక్కా మీరు దులపకండి, నీళ్లలో తడిపేయండి. మాత్రలు ఎన్నాళ్లుగా వాడుతున్నారో డాక్టర్‌కి చెప్పండి. స్టెరాయిడ్ అయితే సొంతంగా ఒక్కసారి ఆపడమూ ప్రమాదమే. మిగిలిన స్ట్రిప్పు ముక్కలన్నీ వెంట తీసుకెళ్లండి.