టెక్ సందేహాలు: సైకిల్ బ్యాటరీకి ఏ ఛార్జర్ పడితే ఆ ఛార్జర్ పెట్టకండి

ప్రశ్న: పాత సైకిల్‌కి 36 వోల్టుల మోటారు కిట్ బిగించుకున్నాను. దాని ఛార్జర్ పాడైంది. ఇంట్లో తమ్ముడి సైకిల్‌ది 48 వోల్టుల ఛార్జర్ ఉంది. పిన్ సరిగ్గా సరిపోతోంది, లైటు కూడా వెలుగుతోంది. వాడుకోవచ్చా?

వద్దు. ఇప్పటికే పెట్టి ఉంటే ముందు గోడ దగ్గర స్విచ్ ఆపి, ప్లగ్ తీసేయండి. బ్యాటరీ వేడిగా ఉన్నా, ఉబ్బినట్టున్నా, ఏదైనా వాసన వస్తున్నా చేత్తో ముట్టుకోకండి. గదిలోంచి అందరూ బయటికి వచ్చి అగ్నిమాపక సిబ్బందికి ఫోన్ చేయండి. మామూలుగానే ఉంటే దాన్ని ఇంటి బయట, మండే వస్తువులకు దూరంగా పెట్టి, తెలిసినవాళ్లకు చూపించేదాకా మళ్లీ ఛార్జ్ చేయకండి.

ఈ ప్రశ్న మాటలు మార్చుకుని నాకు వస్తూనే ఉంది. ‘పిన్ పట్టింది కదా’ అన్నది అందరి ధీమా. 36 వోల్టుల ప్యాక్‌లో 10 సెల్స్ (లేదా పక్కపక్కన కలిపిన సెల్స్ గుంపులు) వరసగా ఉంటాయి. సాధారణ లిథియం అయాన్ సెల్ నిండితే 4.2 వోల్టులు, కాబట్టి దాని ఛార్జర్ ఇవ్వాల్సింది 42 వోల్టులు. 48 వోల్టుల ప్యాక్‌లో 13 సెల్స్, ఛార్జర్ ఇచ్చేది 54.6. ఆ 54.6 వోల్టులను 10 సెల్స్ మీదకు వదిలితే ఒక్కోదాని వాటా దాదాపు 5.5 వోల్టులు. మధ్యలో అడ్డుపడేది బీఎంఎస్ అనే చిన్న రక్షణ బోర్డు ఒక్కటే. మంచి బోర్డయితే ఏ సెల్ అయినా 4.25 వోల్టుల దరిదాపుల్లోకి రాగానే ఛార్జింగ్ ఆపేస్తుంది. చవక ప్యాకుల్లో ఆ బోర్డు నాసిరకంగా ఉండొచ్చు, అసలు లేకపోవచ్చు కూడా. ఉందో లేదో పైన చుట్టిన నీలం ప్లాస్టిక్ తొడుగు చూసి ఎవరూ చెప్పలేరు.

హద్దు దాటి ఛార్జ్ అయిన సెల్‌లో లిథియం లోహంగా పేరుకుంటుంది. లోపలి పదార్థాలు విడిపోతూ వేడినీ వాయువులనూ పుట్టిస్తాయి. రెండు ధ్రువాల మధ్య ఉండే పల్చటి పొర కరిగితే షార్ట్ అవుతుంది. అక్కడి నుంచి ఆ వేడే మరింత వేడిని పుట్టిస్తూ పక్క సెల్‌కి, దాని పక్కదానికి పాకుతుంది. మొదట బుసబుసమంటూ తెల్లటి పొగ, వెనకే మంట. ఆరిందనుకున్నాక గంటల తర్వాత మళ్లీ అంటుకోవడం కూడా ఈ బ్యాటరీలకు మామూలే. అందుకే రాత్రి పడుకునేముందు ఛార్జింగ్ పెట్టి, సైకిల్‌ని వీధి తలుపుకి ఆనించి నిద్రపోయే అలవాటు నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెడుతుంది. మంట లేస్తే బయటపడే దారి మూసుకుపోయేది అక్కడే.

అయితే మీ మీదకంటే నాకు ఆ ప్లగ్ పెట్టినవాళ్ల మీద ఎక్కువ కోపం. 36, 48, 52 వోల్టుల ప్యాకులకు ఒకే రకం గుండ్రటి పిన్ పెట్టి అమ్ముతున్నారు. ఛార్జర్ అడుగున గోరంత అక్షరాలతో ఒక స్టిక్కర్ ఉంటుంది, కొన్ని నెలలకు చెమటకీ దుమ్ముకీ అది చెరిగిపోతుంది. మీ ఫోన్ టైప్-సీ ఛార్జర్ ముందు 5 వోల్టులే ఇస్తుంది. ఫోన్ అడిగితేనే, అదీ అడిగినంత వరకే పెంచుతుంది. ఫోన్ బ్యాటరీలో ఉండేది 15-20 వాట్-అవర్ల శక్తి. 36 వోల్టుల, 10 యాంపియర్-అవర్ల సైకిల్ ప్యాక్‌లో ఉండేది 360. చిన్నదానికి అంత జాగ్రత్త తీసుకుని, దానికి 20 రెట్లు ఉన్నదాన్ని పిన్ పట్టిందా లేదా అన్న లెక్కకు వదిలేయడం ఘోరమైన నిర్లక్ష్యం. వోల్టేజీకో ఆకారం పిన్ పెట్టడానికి కొత్త పరిశోధనలేమీ అక్కర్లేదు.

కొత్త ఛార్జర్ కొనేటప్పుడు దాని మీద ‘అవుట్‌పుట్ 42 వోల్టులు’ అని ఉందో లేదో చూడండి. అంతకంటే ముందు మీ బ్యాటరీ ఏ రకమో చూసుకోండి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అనే మరో రకమైతే ఒక్కో సెల్‌కి 3.65 వోల్టులే, లెక్క మొత్తం మారిపోతుంది. మీ దగ్గరున్న రెండు ఛార్జర్లకూ రెండు రంగుల టేపు చుట్టి, అదే రంగు టేపు ఆయా బ్యాటరీలకూ చుట్టండి. ఈ పని ఈరోజే చేయండి.

ప్రశ్న: 48 వోల్టులు, 20 యాంపియర్-అవర్లు అంటూ సగం ధరకే ఒక బ్యాటరీ దొరుకుతోంది. బరువు రెండు కిలోలే. కొనొచ్చా?

ఆ బరువే మీకు జవాబు చెబుతోంది. ఇలాంటి ప్యాకుల్లో ఎక్కువగా వాడే 18650 సెల్ (18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు) ఎంత మంచిదైనా సుమారు 3.5 యాంపియర్-అవర్లే ఇస్తుంది. 20 రావాలంటే ఆరేసి సెల్స్ పక్కపక్కన కలిపిన గుంపులు 13, అంటే 78 సెల్స్ కావాలి. ఒక్కోటి 48 గ్రాముల లెక్కన సెల్స్ బరువే 3.7 కిలోలు దాటుతుంది. రెండు కిలోల ప్యాక్‌లో అంత కరెంటు ఉండదు. లేనిదాన్ని ఉందని రాసినవాళ్లు బీఎంఎస్ విషయంలో మాత్రం నిజాయతీగా ఉన్నారని నమ్మడానికి ఆధారం ఏముంది? పాత ల్యాప్‌టాప్‌ల నుంచి పీకిన సెల్స్‌ని కొత్త తొడుగులో చుట్టి అమ్మడం మామూలైపోయింది. కొనకండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ సంఘం మోటారు బిగించిన సైకిళ్లేవీ లోపలికి తేవద్దని తీర్మానం చేసింది. నేను రోజూ పనికి వెళ్లేది దాని మీదే. ఎలా ఒప్పించాలి?

వాళ్ల నిర్ణయం తప్పు, వాళ్ల భయం మాత్రం తప్పు కాదు. అక్కడి నుంచి మొదలుపెడితేనే మాట వింటారు. న్యూయార్క్ నగరంలో 2023లో లిథియం అయాన్ బ్యాటరీల వల్ల 268 అగ్ని ప్రమాదాలు జరిగి 18 మంది చనిపోయారు. అక్కడ పార్సిళ్లూ భోజనాలూ చేరవేసేవాళ్లలో చాలామందికి ఈ సైకిళ్లే ఆధారం కాబట్టి నగరం వాటిని మొత్తంగా నిషేధించలేదు. అమ్మే సైకిల్‌కి యూఎల్ (భద్రతా పరీక్షలు చేసే సంస్థ) 2849, బ్యాటరీకి యూఎల్ 2271 ప్రమాణాల ధ్రువీకరణ ఉండాలని చట్టం చేసి అదే ఏడాది సెప్టెంబరు నుంచి అమలులోకి తెచ్చింది. వాడేసిన సెల్స్‌తో కొత్త ప్యాక్ కట్టి అమ్మడాన్ని కూడా నిషేధించింది. మీ సంఘాన్నీ అలాంటిదే అడగండి. ధ్రువీకరణ ఉన్న బ్యాటరీలనే అనుమతించడం, మెట్లకీ లిఫ్టుకీ దూరంగా పైకప్పున్న చోట ఛార్జింగ్ పాయింట్, అక్కడొక పొగ అలారం, రాత్రి పదయ్యాక కరెంటు ఆపేసే టైమర్. మీ బ్యాటరీ కాగితాలు మీరే ముందు చూపించండి.

ఇక్కడ మీ ప్రశ్న దాటి కొంచెం పక్కకు వెళ్తున్నాను, ఎందుకంటే ఈ తీర్మానం వెనక బ్యాటరీ ఒక్కటే లేదు. ఈ సైకిల్ ఎవరిదో చూడండి. కారో మోటారు సైకిలో కొనలేనివాళ్లది, బస్సులు ఆగిపోయాక డ్యూటీ దిగేవాళ్లది, మోకాళ్లు సహకరించకపోయినా సొంతంగా తిరగాలనుకునే పెద్దవాళ్లది. 360 వాట్-అవర్ల ప్యాక్ నిండడానికి అర యూనిట్ కరెంటు కూడా పట్టదు. పెడల్ వేయకుండా మోటారు మీదే వెళ్లినా 25 నుంచి 35 కిలోమీటర్లు తీసుకెళ్తుంది. ఒక మనిషి పనికి వెళ్లి రావడానికి ఇంత తక్కువ ఖర్చయ్యే యంత్రం మరొకటి నాకు తెలియదు. అయినా సైకిల్ తొక్కేవాళ్లు దీన్ని తొక్కకుండా పోయే దొంగాట అంటారు, బండ్లవాళ్లు రోడ్డుకి అడ్డం అంటారు, నడిచేవాళ్లు ఫుట్‌పాత్ మీద ప్రమాదం అంటారు. మొదటి రెండు మాటలూ నేను పట్టించుకోను. మూడోది మాత్రం నిజం.

ఐరోపా నిబంధనల్లో 250 వాట్ల మోటారు, పెడల్ వేస్తేనే సాయం, గంటకు 25 కిలోమీటర్ల దగ్గర ఆ సాయం ఆగిపోవడం అన్నవి గీతలు. భారత్‌లోనూ దాదాపు అదే హద్దు. అమెరికాలో 2002 నాటి చట్టం 750 వాట్ల లోపు, మోటారు మీదే వెళ్తే గంటకు 20 మైళ్ల లోపు అంటుంది. ఈ గీత లోపల ఉన్నంతవరకే దీన్ని సైకిల్‌గా చూస్తారు. లైసెన్సు, రిజిస్ట్రేషన్, బీమా చాలాచోట్ల అడగకపోవడం అందుకే. మరి తయారీదార్లు ఏం చేస్తున్నారు? డిస్‌ప్లేలో రెండు బటన్లు కలిపి నొక్కితే తెరుచుకునే మెనూలో వేగ పరిమితిని తీసేసే అవకాశం పెడుతున్నారు. దాని పక్కన ‘ప్రైవేటు స్థలాల్లో మాత్రమే’ అని ఒక వాక్యం రాసి చేతులు దులుపుకుంటున్నారు. కుర్రాళ్లు కొన్న రోజే ఆ మెనూ తెరుస్తున్నారు. వేగం 25 నుంచి 45కి పెరిగితే, తగిలినప్పటి శక్తి మూడు రెట్లకు పైగా పెరుగుతుంది. ఆపాల్సిన బ్రేకులు మాత్రం అవే, రిమ్ముని పట్టుకునే రెండు రబ్బరు ముక్కలు. చప్పుడు లేకుండా వెనక నుంచి ఆ వేగంతో భుజం పక్కగా దూసుకుపోతే, ఒక ముసలావిడ ఆ క్షణం నుంచి ఈ సైకిళ్లన్నిటికీ శత్రువైపోతుంది. ఆవిడ అలా అవడంలో తప్పేం లేదు. అలాంటివాళ్లు సంఘం మీటింగులో చెయ్యెత్తినప్పుడు నష్టపోయేది ఆ కుర్రాడు కాదు, మీరు.

సైకిల్‌కి మోటారు ఉండటమే జనానికి కోపం తెప్పిస్తుందని నేననుకోను. ఫ్రాన్స్‌లో 1946లో మొదలైన వెలోసోలెక్స్, ముందు చక్రం మీద చిన్న ఇంజన్ పెట్టుకున్న సైకిల్. నాలుగు దశాబ్దాల్లో 70 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి, విద్యార్థులు, ఉద్యోగులు, గృహిణులు అందరూ నడిపారు. అది నెమ్మదిగా వెళ్లేది, ఎంత వేగంతో వస్తుందో ఎదుటివాళ్లకు తెలిసేది. ఇప్పటి డిస్‌ప్లే మెనూలు పాడుచేస్తున్నది సరిగ్గా ఆ నమ్మకాన్నే.

ప్రశ్న: కిట్‌తో ఇచ్చిన యాప్ లొకేషన్, కాంటాక్టులు అడుగుతోంది. ఇవ్వాలా?

కాంటాక్టులు ఇవ్వకండి, మోటారుకి వాటితో పనేం లేదు. కొన్ని ఫోన్లలో బ్లూటూత్ వెతకడానికి లొకేషన్ అనుమతి తప్పనిసరి కాబట్టి, ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అన్నది ఎంచుకోండి. అంతకంటే ముఖ్యం, యాప్ అడిగే పిన్ నంబరు మార్చడం. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన 1234, 000000 లాంటి పిన్‌ని అలాగే వదిలేస్తే, సిగ్నల్ వద్ద పక్కన నిలబడ్డవాళ్లు అదే యాప్‌తో మీ మోటారుని నడిపే కంట్రోలర్‌లోకి వచ్చే వీలుంటుంది. పిన్ మార్చే అవకాశమే లేకపోతే సెట్టింగులు ఒకసారి సరిచేసుకుని యాప్ తీసేయండి. బ్లూటూత్ భాగం విడిగా తగిలించేదైతే దాన్ని కూడా ఊడదీయండి.

ప్రశ్న: పెట్రోలు కిట్ చవగ్గా వస్తోంది. ఎలక్ట్రిక్ బదులు అది తీసుకోనా?

వద్దు. టూ స్ట్రోక్ ఇంజన్, పెట్రోల్లో ఆయిల్ కలపాలి, పొగ, చప్పుడు. చాలా దేశాల్లో అది బిగించిన క్షణం నుంచి మీది మోటారు వాహనమే, కాగితాలన్నీ కావాలి. పైగా చాలా కిట్లలో వెనక పళ్ల చక్రాన్ని రబ్బరు ముక్కల మధ్య స్పోక్స్‌కే నొక్కి బిగిస్తారు. స్పోక్స్ ఆ లాగుడుకి చేసినవి కావు.

ప్రశ్న: ముందు చక్రంలో మోటారు ఉంది. ఇరుసు నట్లు ఎంత బిగించినా వదులవుతున్నాయి.

అది ఆగేదాకా సైకిల్ ఎక్కకండి. మోటారు చక్రాన్ని ముందుకు తిప్పుతుంటే ఇరుసు అంతే బలంగా వెనక్కి తిరగాలని చూస్తుంది. ఫోర్కు చివర ఇరుసు కూర్చునే గాడి ఆ బలానికి విచ్చుకుంటే చక్రం ఊడి వస్తుంది. అల్యూమినియం ఫోర్కయితే ముందు సూచనేమీ లేకుండా విరగొచ్చు. టార్క్ ఆర్మ్ అనే చిన్న ఉక్కు పట్టీ దొరుకుతుంది. ఒక చివర ఇరుసు చదును భాగాన్ని పట్టుకుంటుంది, రెండో చివర ఫోర్కుకి బిగుస్తుంది. ముందు గాడిలో పగులు ఉందేమో టార్చి వేసి చూడండి. గీత కనిపిస్తే ఫోర్కు మార్చండి. లేకపోతే ఉక్కు ఫోర్కుకి ఒక పట్టీ, అల్యూమినియానిదైతే రెండు వైపులా రెండు వేయించి, మొదటి వారం రోజూ బయల్దేరే ముందు నట్లు స్పానరుతో పట్టి చూడండి.