పల్లెటూరి కౌంటీలో పార్టీ కమిటీ ఏం చేస్తుంది? అది బలపరిస్తే ఒరిగేదేమిటి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: బే ఏరియా (శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ప్రాంతం) నుంచి ఉత్తర కాలిఫోర్నియాలోని ఒక పల్లెటూరి కౌంటీకి (మన జిల్లాలాంటిది) మారారు. నిరుడు పౌరసత్వం వచ్చింది. పక్కింటివారు కౌంటీ పార్టీ కమిటీ సమావేశానికి రమ్మన్నారు. అక్కడ ఏం చేస్తారు, వాళ్లు అభ్యర్థులను ‘ఎండార్స్’ చేయడమంటే ఏమిటి, మన మండల పార్టీ ఆఫీసులాంటిదేనా, వెళ్లినందువల్ల ఉపయోగం ఉందా అని అడిగారు.

నేను శాక్రమెంటోకు ఉత్తరాన, వరి పండే ఒక కౌంటీలో ఫార్మసిస్టును. ఎనిమిదేళ్లుగా ఇక్కడి ఒక పార్టీ కమిటీలో సభ్యురాలిని. ఏ పార్టీ అన్నది చెప్పను. నేను చెప్పేది రెండు పార్టీల కమిటీలకూ వర్తిస్తుంది.

ముందు ‘ఎండార్స్’ సంగతి. దీనికి మన పత్రికల్లో ఎప్పటినుంచో ఒక మాట ఉంది: బలపరచడం. సర్పంచి ఎన్నికలు పార్టీ గుర్తులతో జరగవు కదా, ఉంగరం, కత్తెర వంటి గుర్తులు ఇస్తారు. అయినా ఫలితాల మర్నాడు ‘ఫలానా పార్టీ బలపరిచిన అభ్యర్థి గెలుపు’ అనే రాస్తారు. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ పంచాయతీ ఎన్నికలు నాలుగు విడతల్లో జరిగినప్పుడు ఏ విడతకు ఆ విడత, తాము బలపరిచినవాళ్లే ఎక్కువమంది గెలిచారని పార్టీలు లెక్కలు చెప్పుకోవడం మీకు గుర్తుండే ఉంటుంది. ఇక్కడి స్థానిక ఎన్నికలూ ఆ కోవలోవే. కాలిఫోర్నియా రాజ్యాంగం ప్రకారం న్యాయమూర్తులు, స్కూలు బోర్డులు, కౌంటీ, నగర పదవులన్నీ పార్టీరహితం. బ్యాలెట్ మీద అభ్యర్థి పేరు, వృత్తి ఉంటాయి గానీ పార్టీ ఉండదు.

రాష్ట్ర శాసనసభ, కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) స్థానాల దగ్గరికి వచ్చేసరికి మన పద్ధతికీ ఇక్కడి పద్ధతికీ పోలికే లేదు. మన దగ్గర బీ ఫారం ఎవరి చేతికి వస్తే వారే పార్టీ అభ్యర్థి. ఇక్కడ బీ ఫారం లేదు. 2010లో ఓటర్లు ఆమోదించిన మార్పు 2011లో అమలులోకి వచ్చింది. ప్రైమరీలో, అంటే తొలి దశ ఎన్నికలో, అన్ని పార్టీలవారూ ఒకే జాబితాలో ఉంటారు, ఎక్కువ ఓట్లు వచ్చిన మొదటి ఇద్దరు నవంబరులో జరిగే తుది ఎన్నికకు వెళతారు. ఆ ఇద్దరూ ఒకే పార్టీవారు కూడా కావచ్చు. పేరు పక్కన తనకు ఏ పార్టీ ఇష్టమో అభ్యర్థే రాసుకుంటాడు, పార్టీ అనుమతి అక్కర్లేదు. అలా రాసుకున్నంత మాత్రాన ఆ పార్టీ తనను నిలబెట్టినట్టు కాదని బ్యాలెట్‌లోనే వివరణ ఇస్తారు. కాబట్టి ‘ఈయన మావాడు’ అని పార్టీ చెప్పదలిస్తే దాని చేతిలో ఉన్న సాధనం ఇలా బలపరచడమే.

ఒకప్పుడు అదీ ఉండేది కాదు. ప్రైమరీలో పార్టీ కమిటీలు ఎవరినీ బలపరచకూడదని కాలిఫోర్నియా చట్టం నిషేధించింది. శాన్ ఫ్రాన్సిస్కో కౌంటీ డెమోక్రటిక్ కమిటీ తదితరులు కోర్టుకెక్కారు. 1989లో అమెరికా సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. పార్టీరహిత పదవులకు బలపరచకూడదన్న మరో నిషేధం 1986లో వచ్చి, పదేళ్ల న్యాయపోరాటం తరువాత పోయింది. ఈ రెండు కేసుల గురించి తెలిశాక, మా కమిటీ గదిలో చేతులెత్తి వేసే ఓటును నేను తేలిగ్గా తీసుకోలేకపోయాను.

ఇక కమిటీ రోజువారీ పని. మా కౌంటీలో ఓటర్లు పదిహేను వేల లోపే. కమిటీ సభ్యులను నాలుగేళ్లకోసారి ప్రైమరీలో, కౌంటీని పాలించే బోర్డు సభ్యులైన సూపర్‌వైజర్ల నియోజకవర్గాల వారీగా ఎన్నుకోవాలి. అయితే సీట్ల కంటే అభ్యర్థులు ఎక్కువ లేకపోతే ఎన్నికే జరగదు. నేను అలాగే వచ్చాను, నా పేరు బ్యాలెట్ ఎక్కనే లేదు. సగం సీట్లు ఎప్పుడూ ఖాళీ. పల్లెటూరి కౌంటీల్లో ఇది మామూలే. అందుకే కొత్తగా వచ్చినవాళ్లను నెత్తిన పెట్టుకుంటారు. మూడో సమావేశానికే మీకు ఏదో ఒక బాధ్యత అప్పగిస్తారు, సిద్ధంగా ఉండండి.

నెలకో సమావేశం. ఏడాదికో విందు, అందులో వేలంపాట. ఎన్నికల ముందు ఇంటింటికీ తిరిగి మేం బలపరిచినవాళ్ల పేర్లున్న అట్టలు తలుపు గుబ్బకు తగిలించడం, బోర్డులు పాతడం. 2021లో చేసిన చట్టం వల్ల ఇప్పుడు ప్రతి ఓటరుకూ బ్యాలెట్ పోస్టులోనే వస్తుంది. కాబట్టి సంతకం కలవలేదని ఎన్నికల కార్యాలయం పక్కన పెట్టిన కవర్లు ఎవరివో తెలుసుకుని, వాళ్లకు ఫోను చేసి సరిదిద్దించుకోమనడం కూడా మా పనే. మా కౌంటీలో ఒక నీటి సంస్థ డైరెక్టరు పదవి ఎవరికి దక్కుతుందో పదకొండు ఓట్లు తేల్చాయి. అందుకే ఆ ఫోన్లను మేం అశ్రద్ధ చేయం.

ఇవన్నీ ఒక ఎత్తు, కౌంటీ ఫెయిర్ (ఏటా జరిగే తిరునాళ్లలాంటిది) ఒక్కటీ ఒక ఎత్తు. మేకలు, గొర్రెల పోటీలు జరిగే షెడ్డు పక్కన మాకు పది అడుగుల స్థలం ఇస్తారు. ఒక బల్ల, రెండు మడత కుర్చీలు, ఓటరు నమోదు కార్డులు, మంచినీళ్ల సీసాలు. నాలుగు రోజులు అక్కడ కూర్చుంటే జనం పార్టీ గురించి మాట్లాడరు, బతుకు గురించి మాట్లాడతారు. 2022 కరువు ఏడాది ఒక ముసలి రైతు వచ్చాడు. ఇక్కడ వరి విత్తనాన్ని నీళ్లు నిలిపిన మళ్లలో విమానాలతో చల్లుతారు. ఆ ఏడాది శాక్రమెంటో లోయలో దాదాపు సగం వరి భూమి బీడుపడింది. ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టి, ‘ఈ వసంతంలో విమానం చప్పుడు వినలేదమ్మా. ఇంట్లో బోరు కూడా ఎండిపోయింది. భూగర్భ జలాల బోర్డులో కూర్చునేవాళ్లను ఎవరు ఎంచుతారో చెప్పు’ అన్నాడు. ప్రకాశం జిల్లాలో మా నాన్న బోరు గొట్టం పక్కన నిలబడిన తీరు కళ్లముందు కనిపించింది. నాకు జవాబు తెలియలేదు. ఆ రాత్రి ఇంటికి వెళ్లి 2014 నాటి భూగర్భ జల చట్టం మొదటిసారి చదివాను. జలాలను నియంత్రించే స్థానిక సంస్థల్లో చాలావరకు కౌంటీ సూపర్‌వైజర్లు, నగర, నీటి సంస్థల ప్రతినిధులే కూర్చుంటారని అప్పుడు తెలిసింది. అంటే మేం ‘చిన్న పదవులు’ అని పది నిమిషాల్లో తేల్చేసేవి ఆయన బోరును తేల్చే పదవులు.

మీకు నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే. కౌంటీ కమిటీ గవర్నరును, కాంగ్రెస్ సభ్యుణ్ణి బలపరిచినా బలపరచకపోయినా పెద్ద తేడా ఉండదు, ఓటరు వాళ్ల గురించి టీవీలో చూస్తాడు. స్కూలు బోర్డు, ఆసుపత్రి డిస్ట్రిక్టు (స్థానిక ఆసుపత్రిని నడిపే సంస్థ), నీటి సంస్థ, షెరీఫ్ (కౌంటీ పోలీసు అధిపతి) వంటి పదవులకు పోటీచేసేవాళ్ల గురించి చెప్పేవాళ్లే ఉండరు. చాలా పల్లెల్లో స్థానిక పత్రికలు కూడా మూతపడ్డాయి. అక్కడ మా కాగితం మీది పేరే కొందరికి ఏకైక ఆధారం. కాబట్టి ఆ పేరు రాసే ముందు కమిటీ కష్టపడాలి. మేం కష్టపడని ఒక సందర్భం చెబుతాను.

కొన్నేళ్ల క్రితం స్కూలు బోర్డుకు ఒకాయన నిలబడ్డాడు. మా విందుకు ఏటా వంట చేసే పెద్దమనిషికి స్నేహితుడు. మంచివాడే. ప్రశ్నావళి పంపలేదు, ముఖాముఖి పెట్టలేదు. ‘మనవాడే కదా’ అన్నారు. చేతులు లేచాయి, నా చేయి కూడా లేచింది. ఆయన గెలిచాడు. తరువాతి వసంతంలో ఖర్చు తగ్గించడానికి ఒక స్కూలు బస్సు రూటు తీసేయాలన్న అంశం బోర్డు ముందుకు వచ్చింది. పొలం కూలీలు ఉండే దూరపు ఇళ్ల రూటు అది. ముందుగా ఇచ్చిన కాగితాలు చదవకుండానే ఆయన అవునని ఓటేశాడు. తరువాత నేను అడిగితే తనే ఒప్పుకున్నాడు.

ఆ శరదృతువులో ఒకావిడ మందుల కోసం మా కౌంటరుకు వచ్చింది. పక్కన పదేళ్ల పిల్లవాడు, బూట్లనిండా ఎండిన కాలువ మట్టి. బస్సు ఇప్పుడు పెద్దరోడ్డు దాకానే వస్తుందట, వాడు కాలువ గట్టు మీద మైలున్నర నడవాలట. మందు తీసుకున్నాక ఆవిడ వెళ్లలేదు. వచ్చీరాని ఇంగ్లీషులో, ‘మా తలుపుకు నువ్వే అట్ట తగిలించావు. దాని మీద పేరు చూసే ఓటేశాను’ అంది. కోపంగా అనలేదు. పిల్లవాడు నావైపు చూస్తున్నాడు. నేను క్షమించమన్నాను. ఆ రూటు రెండేళ్ల తరువాత గానీ తిరిగి రాలేదు.

తరువాతి సమావేశంలో ఈ సంగతంతా చెప్పాను. మూడు నెలల వాదన తరువాత నిబంధనలు మార్చుకున్నాం. ఏ పదవికి నిలబడుతున్నారో ఆ బోర్డు సమావేశాలకు కనీసం రెండింటికి వెళ్లి ఉండాలి. రాతపూర్వకంగా జవాబులివ్వాలి. ముఖాముఖికి రావాలి. మూడింట రెండు వంతుల ఓట్లు వస్తేనే బలపరుస్తాం, రాకపోతే ఎవరినీ బలపరచం. ముఖాముఖిలో నేను అందరినీ ఒకే ప్రశ్న అడుగుతాను: ‘గత ఏడాది ఈ బోర్డు చేసిన ఏ తీర్మానంలో మీరైతే వేరేగా ఓటేసేవారు?’ కొందరు పార్టీ సిద్ధాంతం మొదలుపెడతారు. ఒక యువకుడు మాత్రం జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి, తేదీతో సహా మూడు తీర్మానాలు చదివాడు. అందులో ఒకటి మా పార్టీ పెద్దలకు ఇష్టమైన తీర్మానం. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అయినా ఆయననే బలపరిచాం.

ఇంకో కోణమూ ఉంది. ఆసుపత్రి డిస్ట్రిక్టుకు పోటీచేసిన ఒక నర్సు మా దగ్గరికి వచ్చి, దయచేసి నన్ను బలపరచవద్దు అని అడిగింది. ‘మీ ముద్ర పడితే సగం ఊరు నా మాట వినడం మానేస్తుంది. అత్యవసర విభాగం మూతపడకుండా చూడాలంటే నాకు ఊరంతా కావాలి’ అంది. కొందరు నొచ్చుకున్నారు. నాకైతే ఆవిడ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజమనిపించింది. కమిటీగా మౌనంగా ఉండి, మాలో ఇష్టమున్నవాళ్లం సొంత పేరుతో ఆవిడ కోసం తిరిగాం. పార్టీ గొంతు ఎక్కడ వాడకూడదో తెలియడం కూడా కమిటీ పనే.

ఇప్పుడు మనవాళ్లు తెలుసుకోవలసిన జాగ్రత్తలు. మీకు పౌరసత్వం ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. మీ ఇంట్లో, స్నేహితుల్లో లేనివాళ్ల కోసం రాస్తున్నాను. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు చందా ఇవ్వవచ్చు, పనిచేయవచ్చు, ఓటు మాత్రం వేయకూడదు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఒక్క డాలరు కూడా చందా ఇవ్వకూడదు. జీతం లేకుండా స్వచ్ఛందంగా సాయపడవచ్చు గానీ ఎన్నికల ఖర్చులు, నిర్ణయాల్లో పాలుపంచుకోకూడదు. పౌరులు కానివాళ్లు పొరపాటున కూడా ఓటరు నమోదు కార్డు మీద సంతకం పెట్టవద్దు. పౌరుణ్ణని తప్పుగా చెప్పినట్టయితే దేశం నుంచి పంపించేదాకా వెళ్లవచ్చు. నా బల్ల దగ్గర కార్డు ఇచ్చే ముందు ప్రతి ఒక్కరినీ ఈ మాట అడుగుతాను.

మాజీ సైనికుల ఆసుపత్రుల్లో మన డాక్టర్లు చాలామంది ఉన్నారు. ఫెడరల్ ఉద్యోగులు పని వేళల్లో గానీ ఆఫీసు ఈమెయిలు నుంచి గానీ పార్టీ పని చేయకూడదు, పార్టీ కోసం చందాలు అడగకూడదు. అలాగే పన్ను మినహాయింపు ఉన్న ధర్మాదాయ సంస్థగా నమోదైన గుడి, తెలుగు సంఘం పేరుతో అభ్యర్థిని బలపరచవద్దు. సంఘం అధ్యక్షుడు వ్యక్తిగా తన మద్దతు చెప్పుకోవచ్చు, సంఘం కాగితం మీద మాత్రం కాదు.

డబ్బు విషయంలో ఒక్కటి గుర్తుంచుకోండి. వంద డాలర్లు, ఆపైన నగదుగా తీసుకోవడం కాలిఫోర్నియాలో నిషిద్ధం. విందులో ఎవరైనా నోట్లు తీస్తే చెక్కు అడగండి. కోశాధికారి బాధ్యత ఇస్తామంటే మొదటి ఏడాది ఒప్పుకోవద్దు.

వెళ్లాలా అని అడిగారు. వెళ్లండి. నవంబరులో స్థానిక ఎన్నికలు ఉన్న ఏడాదైతే ఆగస్టు సమావేశానికి తప్పక వెళ్లండి. నామినేషన్ల గడువు ఎన్నికకు 88 రోజుల ముందు, అంటే ఆగస్టు రెండో వారానికల్లా ముగుస్తుంది. ఎవరు నిలబడ్డారో, ఎన్ని సీట్లకు పోటీయే లేదో అప్పుడు తేలుతుంది. బలపరిచే ముఖాముఖీలు ఆ వెంటనే మొదలవుతాయి. అంతకుముందు మీ ఇంటి చిరునామా ఏ స్కూలు డిస్ట్రిక్టు, ఏ నీటి సంస్థ, ఏ ఆసుపత్రి డిస్ట్రిక్టు కిందికి వస్తుందో కౌంటీ ఎన్నికల కార్యాలయంలో అడిగి రాసుకోండి. వీలైతే వాటిలో ఒకదాని బోర్డు సమావేశంలో ఒక సాయంత్రం కూర్చుని రండి. ఆ కాగితం చేతిలో పెట్టుకుని వెళితే, మొదటి రోజే మీరు అడగవలసిన ప్రశ్న మీ దగ్గర ఉంటుంది.