ఇంజన్ దించకుండా కాన్‌రాడ్ బోల్టులు మార్చాలంటే

అల్లుడూ,

బోల్టుల సెట్ వచ్చేసిందని, ఈ ఆదివారమే కారు కింద దూరి పని కానిచ్చేస్తానని రాశావు. దూరే ముందు ఇది పూర్తిగా చదువు. ఇంజన్ దించకుండా కనెక్టింగ్ రాడ్ (కాన్‌రాడ్, అంటే పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కడ్డీ) బోల్టులు మార్చడం జరిగే పనే, నేనూ చేశాను. కానీ అన్ని ఇంజన్లకూ కుదరదు.

అసలు ఎందుకు మారుస్తున్నామో మనసులో పెట్టుకో. పిస్టన్ పేలుడుతో కిందికి వచ్చేటప్పుడు బోల్టు మీద పెద్దగా భారం ఉండదు. పొగ బయటికి నెట్టి పిస్టన్ పైకొస వరకు వెళ్ళి వెనక్కి తిరుగుతుందే, అక్కడ దాన్ని ఆపి కిందికి లాగేది ఆ రెండు బోల్టులే, ఎందుకంటే పైన ఎదురు ఒత్తిడి ఇచ్చే గ్యాస్ ఉండదు. ఆ లాగుడు ఆర్‌పీఎమ్ వర్గంతో పెరుగుతుంది. 6000 దగ్గర ఉన్నది 7500కి వెళ్తే దాదాపు 56 శాతం ఎక్కువ. నువ్వు ఆర్‌పీఎమ్ లిమిట్ పెంచాలనుకుంటున్నావు కాబట్టి మంచి బోల్టులు కావాల్సిందే, అయితే బోల్టులు మార్చినంత మాత్రాన వాల్వ్ స్ప్రింగులు, ఆయిల్ పంపు కూడా ఆ స్పీడుకి తట్టుకుంటాయని అనుకోకు.

ఇప్పుడు రాడ్డు ఏ రకమో చూడు. బోల్టు కింది నుంచి క్యాప్‌లోంచి (క్రాంక్ చుట్టూ రాడ్డు కింది కొసని మూసే సగం ముక్క) దూరి రాడ్డులోనే మరలు పట్టే రకం ఒకటి. బోల్టు రాడ్డులో బిగుతుగా దిగగొట్టి ఉండి, క్యాప్ వైపు నట్టు పడే రకం ఇంకొకటి. రెండోదైతే కారు కింద పడుకుని ప్రయత్నించకు. వాటిలో చాలావాటికి క్యాప్‌ని సరిగ్గా కూర్చోబెట్టేది ఆ బోల్టు మెడే. దాన్ని కొట్టి తీసి కొత్తది దిగగొడితే క్యాప్ కొంచెం పక్కకి జరుగుతుంది, రాడ్డులో క్రాంక్ పట్టే పెద్ద రంధ్రం గుండ్రం పోతుంది, మెషిన్ షాపులో మళ్ళీ హోనింగ్ (రంధ్రాన్ని సానపట్టి గుండ్రం చేయడం) చేయించక తప్పదు. అలాంటప్పుడు కూడా ఇంజన్ దించక్కర్లేని దారి ఒకటుంది: చాలా కార్లలో హెడ్ విప్పి పిస్టన్లు, రాడ్లు పైనుంచి తీసుకోవచ్చు, బ్లాకు కార్లోనే ఉంటుంది. పని ఎక్కువే, కానీ రాడ్లు చేతికొస్తాయి, ఖచ్చితంగా కొలవచ్చు.

మొదటి రకమైతే సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పి చేసేయొచ్చు. గట్టి, చదునైన నేల మీద స్టాండ్లు పెట్టు, జాకీ ఒక్కదాని మీద నిలబడ్డ కారు కిందికి నువ్వు వెళ్ళకూడదు, ఇది మాత్రం మామయ్య మాటగా పట్టుకో. ఆయిల్ వంచి, సంప్, ఆయిల్ పీల్చే స్ట్రైనర్, మధ్యలో అడ్డుపలక ఉంటే అదీ తీయి. సంప్ కింద క్రాస్ మెంబర్ (కారు అడుగున ఉండే అడ్డు దూలం) అడ్డుంటే ఇంజన్‌ని పైనుంచి బారుకి వేలాడదీసి మౌంటింగులు వదులు చేసుకోవాలి. స్పార్క్ ప్లగ్గులు తీసేస్తే క్రాంక్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది, ఇంజన్ తిరిగే దిక్కుకే తిప్పు. నాలుగు సిలిండర్లయితే 1, 4 ఒకసారి కిందికొస్తాయి, 2, 3 ఒకసారి.

ఒక రాడ్డు పూర్తయ్యాకే రెండోది. క్యాప్ ఏ రాడ్డుదో, ఏ వైపుదో ముందే గుర్తు పెట్టుకో, ఎందుకంటే అవి జతగా తయారైనవి, మారితే ఇక కలవవు. చాలామంది ఒక బోల్టు తీసి కొత్తది వేసి, తర్వాత రెండోది మారుస్తారు, క్యాప్ ఊడదు, అది నిజమే. కానీ కొత్త బోల్టు ఎక్కువ బలంతో పట్టేస్తే రంధ్రం ఆకారం మారిందో లేదో అలా తెలియదు. అందుకే క్యాప్ విప్పమంటాను. పాత బోల్టులతో ప్లాస్టిగేజ్ (బిగిస్తే చదునయ్యే సన్నని ప్లాస్టిక్ పోగు, దాని వెడల్పుని బట్టి సందు తెలుస్తుంది) పెట్టి బేరింగ్ సందు చూడు, కొత్తవాటితో మళ్ళీ చూడు. ప్లాస్టిగేజ్ లోపల ఉన్నంతసేపు క్రాంక్ కదపకు. చాలా కార్లలో ఆ సందు 0.025 నుంచి 0.06 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, నీ మాన్యువల్లో ఉన్న అంకెనే పట్టుకో. రెండు కొలతలకీ తేడా కనిపిస్తే అక్కడే ఆపు, రాడ్లు బయటికి రావాల్సిందే. తేడా లేకపోయినా ఇది కింది వైపు కొలతే, క్యాప్ అతుకు దగ్గర సంగతి చెప్పదు, ఆ మేరకు రిస్క్ నీది.

శుభ్రత గురించి ఒకటి చెప్పాలి. ఒకసారి అన్నీ బిగించి క్రాంక్ తిప్పితే ఒకచోట కొంచెం బిగిసింది. ఆయిలేస్తే సర్దుకుంటుందిలే అని వదిలేయబోయాను, మనసొప్పక మూడో క్యాప్ విప్పాను. షెల్ (రాడ్డుకీ క్రాంక్‌కీ మధ్య కూర్చునే బేరింగ్ పలక) వెనక తుడిచిన గుడ్డ దారప్పోగు ఒకటి, తలవెంట్రుకంత, అతుక్కుని ఉంది. షెల్ ముందు వైపు సరిగ్గా ఆ చోటే వేలిగోరంత మచ్చ మెరుస్తోంది. అప్పటినుంచి నేను పోగులూడే గుడ్డ సంప్ దగ్గరికి రానివ్వను, నువ్వూ రానివ్వకు.

బిగింపు దగ్గర తొందరపడకు. నువ్వు రెంచ్ మీద పెట్టే బలంలో 90 శాతం దాకా ఘర్షణకే పోతుంది, బోల్టుని సాగదీసేది మిగిలిన కాస్తే. అందుకే మరలకీ, తల కింద కూడా బోల్టుతో వచ్చిన లూబ్రికెంటే పూయాలి. వేరే ఆయిల్ పూస్తే అదే టార్క్ (రెంచ్‌తో తిప్పే బలం) అంకెకి వేరే బిగువు వస్తుంది. కంపెనీ సాగుదల కొలిచి బిగించమంటే, బోల్టు రెండు కొసలూ అందితే, గేజ్‌తోనే చెయ్యి. అందకపోతే వాళ్ళిచ్చిన టార్క్ లేదా డిగ్రీల లెక్క. వదిలి మళ్ళీ బిగించమని కాగితంలో ఉంటే అన్నిసార్లూ చెయ్యి. ఒక్కో బోల్టు అయ్యాక తల మీద పెయింట్ చుక్క పెట్టు. మధ్యలో ఫోనొచ్చినా ఎక్కడ ఆపావో టెన్షన్ ఉండదు. పాతవి ఒక్కసారికే పనికొచ్చే రకమైతే కొలత అయ్యాక పారేసేయ్.

అన్నీ మూశాక కొత్త ఆయిల్, ఫిల్టర్ వేసి, ఇంధనం, స్పార్క్ ఆపేసి, ఆయిల్ లైట్ ఆరేదాకా స్టార్టర్ తిప్పు, మోటారు వేడెక్కకుండా మధ్యమధ్య ఆగు. తర్వాతే స్టార్ట్ చెయ్యి. 500 కిలోమీటర్లు మామూలుగా నడిపి ఆయిల్ మార్చు, తీసిన ఫిల్టర్‌ని కోసి మడతలు విప్పి వెలుతురులో చూడు. మెరిసే పొడి కనిపిస్తే బండి కదపకుండా ముందు నాకు ఫోన్ చెయ్యి.

మామయ్య